పద్యంలో పోగు తెగితే

ఇంట్లో ఎవరన్నా ఆగకుండా దెప్పుతుంటే "మొదలుపెట్టింది దండకం" అంటం. అడిగిందే మళ్ళా మళ్ళా అడిగితే "పాత పల్లవేనా" అంటం. "అతిశయోక్తి చెప్పకు" అని చిన్న పిల్లలు కూడ అంటరు. ఇవన్నీ కవిత్వం చెప్పేటోళ్ళ పనిముట్ల పేర్లు. దండకం అంటే పాదాల లెక్క లేకుండ ఒకే గణం వరుసబెట్టి పరుగెత్తే రచన, అందుకే ఆగని తిట్లకు ఆ పేరు కుదిరింది. పల్లవి అంటే ప్రతి చరణం తర్వాత తిరిగొచ్చే ముక్క. పేర్లు మన నోట్లనే ఉన్నయి, పనిముట్లు మాత్రం పండితుల పెట్టెలో ఉన్నయని అనుకుంటం.

ఆ పెట్టె మనకెందుకని మీరు అడగొచ్చు. నేను సోలాపూర్ మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివినోణ్ణి, తర్వాత చదువంతా సాంచాల మీదనే. ఈ మాటలు నాకు పని విరమించినంక, మా పూర్వ భాగ్‌లో ఉండే ఒక పాత తెలుగు పంతులు గారి దగ్గర సాయంత్రాలు కూసుంటే తెలిసినయి. నాకు అవసరం ఎట్ల పడ్డదో చెప్త. మా నాయిన కూడ మిల్లు మనిషే. రాత్రి పాళీ నుంచి వచ్చి, చాయ తాగుకుంట, సొంతంగ పద్యాలు కట్టి చెప్పేటోడు. ఒక్కటి కూడ కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు మా కుటుంబంలో మిగిలినవి రెండే. మా అక్క ఒకటి యాదికుంచుకున్నది, మా చిన్నమ్మ ఇంకొకటి. అక్క చెప్పిన పద్యం ఆమె బిడ్డ నోటుపుస్తకంలో రాసి నాకు పంపింది. అది ఇది:

పడుగు పేక కూడి చీరయై నిలుచును
ఒంటి దారమెపుడు ఓపలేదు
కలిసి నడిచినపుడు కష్టం తేలిక
మిల్లు భోంగా వినుము లేచి రమ్ము

చదివితే బాగనే ఉన్నది. అర్థం కూడ తెలుస్తున్నది. కాని పాడి చూస్తే మూడు చోట్ల కుంటుతున్నది. నాయిన నోట విన్నప్పుడు కుంటలేదని చెవికి గుర్తున్నది. ఎక్కడ కుంటుతున్నదో, ఎందుకు కుంటుతున్నదో చెప్పాలంటే ఆ పెట్టె తెరవాలె.

మొదటి పనిముట్టు గురువు, లఘువు. లఘువు అంటే ఒక చిటికె వేసినంత సేపు పలికే అక్షరం. గురువు అంటే రెండు చిటికెలంత. 'పడుగు' అనండి, మూడూ చిన్న అక్షరాలే, మూడు చిటికెలు. 'పేక' అనండి, 'పే' దీర్ఘం, అది రెండు చిటికెలు, 'క' ఒకటి, మొత్తం మళ్ళా మూడే. దీర్ఘం ఒక్కటే గురువు కాదు. పక్కన సున్న ఉన్న అక్షరం గురువే, 'కండె'లో 'కం' లాగ. పొల్లు హల్లుతో ముగిసేది కూడ గురువే. అదే మాటలో వెనక ఒత్తక్షరం ఉంటే దాని ముందరి అక్షరం కూడ గురువైతది. 'మిల్లు'లో 'మి' పొట్టిదే, కాని 'ల్లు' తొక్కంగనే 'మి' మీద బరువు పడుతది. పుస్తకాలల్ల లఘువుకు నిలువు గీత పెడతరు, గురువుకు మూతి పైకి తెరిచిన గిన్నె లాంటి గుర్తు పెడతరు. సాంచా నడిపినోళ్ళకు ఇది తొందరగ ఎక్కుతది. నాడె ఇటునుంచి అటు పోయే చప్పుడులో పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ వేరువేరుగ వినకపోతే సాంచా చెడ్డదని మనకు ఎట్ల తెలిసేది? రెండు మూడు వందల సాంచాల మోతలో తన సాంచా గొంతు గుర్తుపట్టిన చెవికి గురువు లఘువు పెద్ద లెక్క కాదు.

రెండోది గణం. గురులఘువులను కొన్ని కొన్ని కలిపి కట్టిన చిన్న కట్ట. పాత పద్యాలల్ల మన నోళ్ళల్ల ఎక్కువ ఆడేది ఆటవెలది. వేమన పద్యాలు చాలావరకు ఆ నడకలోనివే. బ్రౌన్ దొర ఆ పద్యాలను పోగుచేసి 1829లో అచ్చు వేయించినప్పుడు, ఆయనకు దొరికిన ప్రతులు కూడ నోటి నుంచి చేతికి, చేతి నుంచి నోటికి మారి పాఠాలు తేడా తేడాగనే ఉండె. ఆటవెలదికి కావలసిన గణాలు రెండు జాతులు. సూర్య గణాలు రెండే: మూడు లఘువులు ఒకటి, గురువు మీద లఘువు ఇంకొకటి. అంటే 'పడుగు' ఒకటి, 'పేక' ఒకటి. మగ్గం ఇంట్ల పుట్టినోనికి సూర్య గణాలు మరచిపోయే పనే లేదు, పడుగు పేక అంటే చాలు.

ఇంద్ర గణాలు ఆరు. వాటికి నల, నగ, సల, భ, ర, త అని పేర్లు. నాకు ఆ పేర్లు నిలువలేదు గనుక నేను వేరే ఆరు మాటలు పెట్టుకున్న: సరుకులు, పనికి రా, పగలంత, నూలుకు, మాటలో, సాంచాలు. వరుసగ ఆ ఆరు గణాలే ఇవి. వేళ్ళ మీద చిటికెలేసి చూడండి, మొదటిది నాలుగు లఘువులు, ఆఖరుది రెండు గురువులు ఒక లఘువు. పంతులు గారు నవ్విండ్రు కాని తప్పనలేదు.

ఆటవెలది లెక్క ఇంతే: మొదటి పాదం, మూడో పాదం మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. రెండో పాదం, నాలుగో పాదం ఐదూ సూర్య గణాలే. పాదం అంటే పద్యంలో ఒక వరుస.

ఇప్పుడు అక్క పద్యం మూడో వరుస పట్టుకోండి. కలిసి, నడిచి, నపుడు, మూడు సూర్య గణాలు సరిపోయినయి. తర్వాత 'కష్టం'. క మీద ష్ట తొక్కింది, గురువు. ష్టం మీద సున్న, గురువు. రెండు గురువులు, అంతే. ఆరు ఇంద్ర గణాలల్ల ఒట్టి రెండు గురువుల గణం లేదు. ఒక పోగు తక్కువ. అక్కడ 'కష్టమ్ము' అనండి, 'సాంచాలు' అన్నట్టే ఉంటది, పాదం నిలబడుతది. పాత పద్యాలల్ల ధనమ్ము, కష్టమ్ము, ధర్మమ్ము అని ఎందుకు సాగదీస్తరో నాకు అప్పుడు సమజైంది. మనం మాట్లాడేటప్పుడు 'కష్టం' అంటం గనుక, యాబై ఏండ్లు చెప్పుకుంట చెప్పుకుంట అక్క నోట్ల అది కష్టమే అయిపోయింది. నోటి పద్యం చెడేది ఎక్కువగ ఇట్లనే. పాత రూపం పోయి ఇంటి రూపం వస్తది, అర్థం మారదు గనుక ఎవ్వరూ గమనించరు.

ఇగ అసలైనది యతి. ఇక్కడ కొంచెం నిదానంగ చెప్పాలె, ఎందుకంటే మన పిల్లలు ఇక్కడనే తికమక పడుతరు.

నా మనుమరాలు మరాఠీ బడిలో తొమ్మిదో తరగతి. నేను యతి అనంగనే "తాతా, యతి అంటే ఆగుడే కదా, మా వ్యాకరణంలో ఉన్నది" అన్నది. ఆమె చెప్పింది తప్పు కాదు. సంస్కృతంలో, మరాఠీలో యతి అంటే పద్యం చదువుతూ ఊపిరి తీసుకునే చోటు. కన్నడంలో కూడ అంతే. తెలుగులో ఆ చోట ఆగినా ఆగకపోయినా ఒక పని తప్పకుండ చెయ్యాలె: పాదం మొదటి అక్షరానికి చుట్టమైన అక్షరం అక్కడ రావాలె. ఆటవెలదిలో ఆ చోటు నాలుగో గణం మొదటి అక్షరం. చుట్టరికం అంటే అదే అక్షరం కావాలని లేదు. ప ఫ బ భ వ ఒక ఇల్లు. క ఖ గ ఘ ఒక ఇల్లు. త థ ద ధ ఒకటి. చ జ ల వెంట శ ష స లు కూడ ఉంటయి. అచ్చుల్లో కూడ ఇండ్లున్నయి: అ ఆ ఐ ఔ ఒకటి, ఇ ఈ ఎ ఏ ఒకటి, ఉ ఊ ఒ ఓ ఒకటి. హల్లు చుట్టమైతే చాలదు, దాని మీది అచ్చు కూడ చుట్టం కావాలె. ఇంకా చిన్న చిన్న మినహాయింపులు మస్తున్నయి, 17వ శతాబ్దంలో అప్పకవి తన పెద్ద గ్రంథంలో వాటిని కూడ వివరించి రాసిండు. మనకు ఇంతవరకు చాలు.

యతికి మన పాత పేరు వడి. నూలుకు ఎక్కించే పురిని కూడ వడి అంటరు. రెండింటికీ చుట్టరికం ఉన్నదని నేను అనను, కాని వడి చాలని నూలు సాంచా మీద ఏం చేస్తదో మీకు తెలుసు.

అక్క పద్యం మొదటి వరుస: పడుగు, పేక, కూడి, తర్వాత నాలుగో గణం 'చీరయై'. గణం లెక్క తప్పలేదు, 'మాటలో' లాగనే ఉన్నది. కాని పాదం 'ప'తో మొదలైతే ఇక్కడ 'చీ' వచ్చింది. ప ఇంట్లకు చ చుట్టం కాదు, అ ఇంట్లకు ఈ చుట్టం కాదు. రెండు విధాల తెగింది. అంటే నాయిన అక్కడ చీర అనలేదు. ఇంకేదో మాట, ప గాని బ గాని భ గాని వ గాని అక్షరంతో, దాని మీద అ లాంటి అచ్చుతో మొదలయ్యేది. అర్థం గుడ్డకు సంబంధించింది. రెండు మాటలు కుదురుతయి: బట్టయై, వస్త్రమై. రెండూ 'మాటలో' కొలతకు సరిగ్గ సరిపోతయి, రెండూ యతికి సరిపోతయి.

ఇక్కడ ఛందస్సు పని అయిపోయింది. అది ఎక్కడ తెగిందో చూపిస్తది, ఏ రంగు పోగు కావాలనో చెప్తది, ఆ పోగు తెచ్చి చేతికియ్యదు. నేను బట్ట అనే పెట్టుకున్న. మా నాయిన బతికినన్ని దినాలు వస్త్రం అనే మాట ఆయన నోట నేను వినలేదు, పీర్ల పండుగకైనా పెండ్లికైనా బట్టలే. పైగా ఆయన పనిచేసిన ఖాతాలో చీరలు నేసుడే లేకుండె, ధోవతుల బట్ట, షీటింగు బట్టనే. చీర ఎట్ల వచ్చిందంటే, అక్క తన కోడళ్ళకు చెప్పుకుంట వచ్చింది, ఆడోళ్ళ మధ్య బట్ట చీర అయింది. అది కూడ ఒక ముచ్చటే, ఆమె మీద కోపమేం లేదు.

నాలుగో వరుస. 'మిల్లు భోంగా వినుము లేచి రమ్ము'. భోంగా అంటే రెండు గురువులు, సూర్య గణం కాదు. మన సోలాపూరోళ్ళం మిల్లు కూతను భోంగా అనే అంటం, అది మరాఠీ మాట. 'భోంగ' అని పొట్టిగ అంటే గణం కుదురుతది, గనుక నాయిన అట్లనే అన్నడేమో అనుకోవచ్చు. యతి మాత్రం కుదరదు: మి కి లే చుట్టం కాదు. ఈ చిక్కు మా చిన్నమ్మ తీర్చింది. ఆమె చెప్పే రెండో పద్యంలో కూడ ఆఖరు వరుస ఇదే, కాని ఆమె నోట్ల అది చెడలేదు: 'మిల్లు కూత వినుము మేలుకొనుము'. మి కి మే. ఇ ఇంట్ల ఏ ఉన్నది, మ కి మ ఉన్నది. కూత, భోంగా కాదు. ఒక్క ఇంట్ల చెడింది ఇంకో ఇంట్ల బాగుంటది, రెండు ఇండ్లూ అడగాలె.

గనుక నాయిన పద్యం ఇదని నా లెక్క:

పడుగు పేక కూడి బట్టయై నిలుచును
ఒంటి దారమెపుడు ఓపలేదు
కలిసి నడిచినపుడు కష్టమ్ము తేలిక
మిల్లు కూత వినుము మేలుకొనుము

రెండో వరుసలో 'దారమెపుడు ఓపలేదు' అని విడగొట్టి పలుకుడు పండితులు ఒప్పుకోరు, సంధి చెయ్యాలంటరు. పంతులు గారు కూడ అన్నరు. కాని ఒ కి ఓ యతి నిలవాలంటే ఓ అట్లనే ఉండాలె, నాయిన వ్యాకరణం చదివినోడు కాదు, పాళీకి పాళీకి మధ్య పద్యం కట్టినోడు. ఆ తప్పు ఆయనదే, దాన్ని నేను దిద్దను.

రెండు పద్యాలకూ ఆఖరు వరుస ఒక్కటే ఉన్నదని చెప్పిన గద, దాని పేరే మకుటం. మకుటం అంటే కిరీటం, పద్యం పద్యానికీ తప్పకుండ వచ్చే ముద్ర. వేమన మకుటం నేను ఇక్కడ రాయనవసరం లేదు, అది మీ నోట్లనే ఉన్నది. ఒకే మకుటంతో నూరు, నూట ఎనిమిది పద్యాలు కడితే అది శతకం. మన పెద్దలు తెలంగాణ నుంచి మోసుకొచ్చిన నరసింహ శతకం ధర్మపురి శేషప్ప కవిది, అది సీస పద్యాలు. సీసం అంటే పొడుగు పాదాలు నాలుగు, ఒక్కో దాంట్ల ఆరు ఇంద్ర గణాలు రెండు సూర్య గణాలు, ఆ వెనక ఎత్తుగీతి అని ఆటవెలదో తేటగీతో తోకగ వస్తది. సుమతీ శతకం కంద పద్యాలు. కందం చిన్నది కాని మొండిది, దాని లెక్క ఇంకోసారి ఎప్పుడన్నా. మా నాయిన నూరు కట్టాలనే మకుటం పెట్టుకున్నడో, రెండే కట్టిండో ఎవరికీ తెల్వదు.

ప్రాస గురించి రెండు మాటలు. సినిమా పాటలు వినీ వినీ, వరుసల చివర ఒకే చప్పుడు రావుడే ప్రాస అనుకుంటం. అది అంత్యప్రాస. మరాఠీ బడిలో దాన్నే యమక్ అని చెప్తరు. తెలుగులో యమకం వేరే: అవే అక్షరాలు మళ్ళా వచ్చి అర్థం మారాలె. తెలుగులో ఉత్త ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలె. పాట, మాట, పూట, చోటు: రెండో చోట ట. కందానికి, ఉత్పలమాల వంటి వృత్తాలకు ఇది తప్పనిసరి, ఆటవెలదికి అక్కరలేదు. తమిళనాడులో ఉండే మనోళ్ళ పిల్లలు దీన్ని ఎదుగై అని బడిలో చదువుకుంటరు, కర్ణాటకలో ఆదిప్రాస అంటరు. మహారాష్ట్రలో మన పిల్లలకే ఇది కొత్తగ ఉంటది. అందుకే ఇంట్ల చెప్పేటప్పుడు "నీ బడి మాట తప్పు" అనొద్దు, "అక్కడ యతి అంటే అది, ఇక్కడ ఇది" అనాలె. ఒకే పేరు, రెండు సరుకులు.

అలంకారాలు మాత్రం పిల్లలే మనకు చెప్పగలరు, పేర్లు మరాఠీలో కూడ అవే. పోలిస్తే ఉపమ: పోగు లాగ సన్నబడ్డడు. పోలిక మాట తీసేసి అదే ఇది అంటే రూపకం: ఆమె మా ఇంటి దూలం. 'అట్లున్నదా ఏంది' అని ఊహిస్తే ఉత్ప్రేక్ష: సాంచాలు ఆగిన ఖాతా చూస్తే ఊపిరి బిగబట్టి నిలబడ్డదా అనిపిస్తది. జాబర్ తుమ్మితే నాలుగు సాంచాలు ఆగుతయంటే అతిశయోక్తి. ఒక మాటకు రెండర్థాలు పలికితే శ్లేష. శ్లేషకు మన సోలాపూర్ కంటె మంచి చోటు లేదు. "నాయిన రాత్రంత పాళీ పట్టిండు" అంటే మరాఠీ తెలిసినోడు డ్యూటీ చేసిండనుకుంటడు, తెలుగు చదివినోడు కలం పట్టిండనుకుంటడు. మా నాయిన విషయంలో రెండూ నిజమే, కలం మాత్రం నోట్లనే ఉండె.

మీ ఇంట్ల కూడ ఇట్లాంటి పద్యమో, మంగళహారతో, మిల్లు మీద కట్టిన పాటనో చెప్పే ముసలోళ్ళు ఉంటరు. ముందుగల వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. తప్పనిపించినా దిద్దకండి, దిద్దితే ఆ జాడ పోతది. 'కష్టం' అనే తప్పే నాకు 'కష్టమ్ము' చూపించింది. గీతలు, గిన్నెలు పెట్టుకోండి. ఎక్కడ కుంటితే అక్కడ చిన్న గుర్తు పెట్టి, వారం పది దినాలకు మళ్ళా పోయి పాడించుకోండి, ఈసారి మాట్లాడనియ్యకుండ పాడించాలె. మాట్లాడితే ఇంటి మాట వస్తది, పాడితే పాత మాట వచ్చే ఆశ ఉంటది. మా చిన్నమ్మ వట్టిగ చెప్పమంటే మకుటం కూడ యాదికి రాలేదు, మనుమణ్ణి ఒళ్ళో వేసుకొని జోకొట్టుకుంట మొత్తం పాడింది. తెలుగు అక్షరాలు రాని పిల్లలైతే మరాఠీ లిపిలోనే రాయనియ్యండి, కాని ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా ఆ లిపిలో కనబడదు, దాని మీద ఏదన్న గుర్తు పెట్టమనండి. ఆ తేడా పోతే గురువు లఘువు లెక్కే పోతది.

ఇగ చిన్నమ్మ పద్యం. ఆమెకు ఎనభై దాటినయి. ఇది:

నాడె పరుగు చూడు నల్లని రాతిరి
పోగు తెగిన చోట ........ నిలుపు
నిదుర వచ్చువేళ నీ బిడ్డ నెంచుము
మిల్లు కూత వినుము మేలుకొనుము

'ఎంచుము' అంటే ఇక్కడ తలచుకో అని. మొదటి వరుస నా కి న, మూడో వరుస ని కి నీ, సరిగ్గ నిలబడ్డయి. రెండో వరుసలో నాలుగో గణం పోయింది. చిన్నమ్మ అక్కడ 'చూపు' అంటది. 'చూపు' సూర్య గణమే, అర్థం కూడ మంచిగున్నది, పోగు తెగిన చోట చూపు నిలపకపోతే బట్ట పాడైతది. కాని పాదం 'పో'తో మొదలైంది, 'చూ' దానికి చుట్టం కాదు. అక్కడ పు, పూ, పొ, పో, బు, బూ, బొ, బో, భు, భూ లాంటి అక్షరంతో మొదలయ్యే మాట కావాలె, పడుగు అన్నట్టో పేక అన్నట్టో పలకాలె.

నాకు రెండు మాటలు తోచినయి. వాటిని ఇక్కడ రాయను. రాస్తే చదివినోళ్ళ యాదిలో నా మాటనే కూసుంటది, నాయిన మాట వెనక్కు పోతది. 1970 ముందరి దినాలల్ల సోలాపూర్ మిల్లులల్ల రాత్రి పాళీ చేసినోళ్ళు, వాళ్ళ పిల్లలు, చాయ హోటలు కాడ ఈ పద్యం విన్నోళ్ళు భీవండిలో ఉన్నా, సూరత్‌లో ఉన్నా, తిరిగి కరీంనగర్ దిక్కు పోయినా, ఆ ఖాళీలో ఏ మాట విన్నరో ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. 'చూపు' అనే విన్నోళ్ళు కూడ రాయండి. చిన్నమ్మకు చదివి వినిపిస్త.